ప్లగ్ థ్రెడ్ పోయిన చిన్న ఇంజన్: హెలికాయిలా, బుష్షా, ఆర్గాన్ వెల్డింగా, కొత్త సిలిండరా?

స్పార్క్ ప్లగ్ బిగిస్తుంటే గట్టిపడాల్సిన చోట స్పానర్ మెత్తగా తిరిగిపోతోందంటే అక్కడే ఆపేయండి. ఇంకో అర చుట్టు తిప్పి చూద్దామనుకుంటే లోపల మిగిలి ఉన్న రెండు మూడు మరలు కూడా ఊడి వస్తాయి. ప్లగ్ బాడీ ఉక్కు, అది ఎక్కే సిలిండర్ హెడ్ అల్యూమినియం. రెండింటికీ పోటీ పడితే ఎప్పుడూ హెడ్డే ఓడుతుంది.

మరమ్మతుకు నాలుగైదు దారులున్నాయి. చాలామంది వీటిని ఖర్చుతో పోల్చి చూస్తారు. కానీ ముందు చూడాల్సింది రంధ్రం చుట్టూ ఎంత లోహం మిగులుతుందన్నది. ఇన్సర్ట్, అంటే రంధ్రంలో కొత్త మరగా కూర్చునే ముక్క వేసే ప్రతి మరమ్మతూ ఆ రంధ్రాన్ని మరికొంచెం పెద్దది చేస్తుంది. 14 మి.మీ. ప్లగ్ రంధ్రానికి హెలికాయిల్ (తీగ చుట్ట ఇన్సర్ట్) వేస్తే బయటి మర దాదాపు 15.6 మి.మీ. అవుతుంది. అది కూడా పోయి లేత్ బుష్ (లేత్ మీద చేసిన మర గొట్టం) వేయిస్తే 18 లేదా 20కి చేరుతుంది. ఆ తర్వాత కోయడానికి గోడ మిగలదు. అందుకే మొదటిసారి ఏ పద్ధతి ఎంచుకున్నారన్నదాన్ని బట్టే ఆ హెడ్ ఆయుష్షు ఉంటుంది.

ముందు మీ మర ఏదో తేల్చుకోండి

చిన్న ఇంజన్లలో ప్రధానంగా మూడు కొలతలు కనిపిస్తాయి: ఎం14×1.25, ఎం12×1.25, ఎం10×1.0. మొదటి అంకె మర వ్యాసం, రెండోది పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, రెండూ మి.మీ.లలో. ఎన్‌జీకే ప్లగ్ అయితే మొదటి అక్షరం చూస్తే చాలు. బీ అంటే 14 మి.మీ., డీ అంటే 12, సీ అంటే 10. అంకె తర్వాత వచ్చే అక్షరం మర పొడవు చెబుతుంది: ఈ ఉంటే 19 మి.మీ., హెచ్ ఉంటే 12.7 మి.మీ. పవర్ వీడర్లు, నీటి పంపుల మీద కనిపించే హోండా జీఎక్స్160కి బీపీఆర్6ఈఎస్ వాడతారు, అంటే 14 మి.మీ. మర, 19 మి.మీ. లోతు. బ్రష్ కట్టర్లు, చెయిన్ సాల్లో ఎక్కువగా వచ్చే బీపీఎంఆర్7ఏకి మర 14 మి.మీ.ఏ గానీ లోతు 9.5 మి.మీ. మాత్రమే. స్ప్రేయర్ల మీద వచ్చే చిన్న ఫోర్ స్ట్రోక్ జీఎక్స్35లో సీఎంఆర్5హెచ్, అంటే 10 మి.మీ. సీ7హెచ్ఎస్ఏ తరహా ప్లగ్ వాడే 100 సీసీ బైకులదీ 10 మి.మీ. మరే.

ఈ పొడవుల తేడా ఎందుకంత ముఖ్యమంటే, 19 మి.మీ. లోతులో దాదాపు 15 మరలుంటాయి. పై మూడు పాడైనా ప్లగ్ నిలబడుతుంది. 9.5 మి.మీ. లోతులో ఉన్నవే ఏడు. అందులో మూడు పోతే దాదాపు సగం పట్టు పోయినట్టే. జీఎక్స్160కి ట్యాప్ (మర కోసే పనిముట్టు) తిప్పి శుభ్రం చేస్తే సరిపోయే దెబ్బ, బ్రష్ కట్టర్‌కి ఇన్సర్ట్ వేయాల్సిన దెబ్బ అవుతుంది.

ట్యాప్ కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో ఊరికే 14 మి.మీ. ట్యాప్ అడిగితే 2.0 పిచ్‌ది చేతిలో పెడతారు. 10 మి.మీ. అడిగితే 1.5 పిచ్‌ది ఇస్తారు. దాన్ని ప్లగ్ రంధ్రంలో రెండు చుట్లు తిప్పితే మిగిలిన మంచి మర కూడా అడ్డంగా తెగిపోతుంది. 14×1.25 అని పిచ్‌తో సహా అడగండి, ట్యాప్ మీద చెక్కిన అంకె చదివాకే డబ్బులివ్వండి.

పై మరలే పాడైతే

ప్లగ్‌ను అడ్డంగా ఎక్కించినప్పుడు సాధారణంగా పైనున్న రెండు మూడు మరలే నలుగుతాయి. టార్చి వేసి లోపలికి చూడండి. కింది మరలు పదునుగా, వరసగా కనిపిస్తే ఇన్సర్ట్ జోలికి పోకండి. నలిగిన మరను సరిచేసే థ్రెడ్ ఛేజర్‌తోనో, లోపలి నుంచి పైకి వచ్చే బ్యాక్ ట్యాప్‌తోనో పని అయిపోతుంది. వీటిలో బ్యాక్ ట్యాప్ మేలు. దాన్ని మూసి రంధ్రంలోకి దింపి, లోపల తెరిచి, పాడవని కింది మరను పట్టుకుని పైకి తిప్పుకుంటూ వస్తారు. మంచి మరే దారి చూపిస్తుంది కాబట్టి అడ్డంగా పోయే ప్రమాదం లేదు. మామూలు ట్యాప్‌ను పైనుంచి దింపితే నలిగిన మొదటి మర దాన్ని పక్కకు లాగేస్తుంది. బ్యాక్ ట్యాప్ దొరక్కపోతే ఛేజర్‌ను మొదట ఎడమవైపు తిప్పండి. మర మొదలయ్యే చోట అది చిన్నగా కిందికి దిగిన అనుభూతి చేతికి తెలుస్తుంది. అప్పుడు కుడివైపు తిప్పండి. చేతి బలంతోనే దిగాలి, రాడ్ వేసి తోయకూడదు.

శుభ్రం చేశాక ప్లగ్ చేత్తోనే చివరిదాకా దిగి, పైకి లాగితే కదలకుండా ఉంటే సరే. ఊగుతుంటే, లేదా బిగువు వచ్చేలోపే జారుతుంటే ఇన్సర్ట్ తప్పదు.

మర పై భాగం పోయింది కదా అని పొడుగు రీచ్ (మర పొడవు) ప్లగ్ వేసి కింది మరలతో సరిపెట్టే పద్ధతి ఒకటుంది. దయచేసి ఆ పని చేయకండి. 9.5 మి.మీ. రంధ్రంలో 19 మి.మీ. ప్లగ్ పెడితే పిస్టన్‌కు తగులుతుంది. తగలకపోయినా మంటగదిలోకి పొడుచుకొచ్చిన మరలు ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే మంటను అంటిస్తాయి. టెఫ్లాన్ టేపు, ఎపాక్సీ పేస్టు కూడా అంతే పనికిరానివి. ప్లగ్ తన వేడిని మర ద్వారా, వాషర్ ద్వారా హెడ్‌లోకి వదులుతుంది. ఆ దారిలో టేపో జిగురో అడ్డం పెడితే ప్లగ్ కాలిపోతుంది, లేదా వేడికి జిగురు మెత్తబడి ప్లగ్ తుపాకీ గుండులా బయటికొస్తుంది.

హెలికాయిల్

ఇది స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టిన ఇన్సర్ట్. తీగ అడ్డుకోత డైమండ్ ఆకారంలో ఉంటుంది. బయటి వైపు కొత్తగా కోసిన పెద్ద మరలో కూర్చుంటుంది, లోపలి వైపు అసలు ఎం14×1.25 మర ఏర్పడుతుంది. దీని పెద్ద లాభం తక్కువ లోహం కోయడం. ప్లగ్ రంధ్రాల కోసం వచ్చే కిట్‌లో ట్యాప్ రెండంచెలుగా ఉంటుంది. ముక్కు దగ్గర 14 మి.మీ. మర, పైన పెద్ద మర. ముక్కు పాత మరలో దారి పట్టుకుని దిగుతుంటే వెనకాల పెద్ద మర కోసుకుంటూ వస్తుంది. పాత మర పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన రంధ్రంలో మాత్రం ఈ దారి చూపే సదుపాయం పనిచేయదు. అక్కడ హెడ్ విప్పి డ్రిల్లింగ్ మెషీన్ కింద నిటారుగా పట్టి చేయాలి.

ట్యాప్ గాడులకు గ్రీజు దట్టంగా పూయండి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. రెండు చుట్లకోసారి బయటికి తీసి రజను తుడిచి మళ్లీ గ్రీజు పెట్టండి. ఒకేసారి చివరిదాకా దింపితే రజను గాడుల్లో బిగుసుకుని అప్పుడే కోసిన మరను చీల్చేస్తుంది. మర కోశాక పెట్రోల్‌తో కడిగి, ఆరనిచ్చి, ఇన్సర్ట్‌ను కిట్‌లోని పరికరానికి ఎక్కించి తిప్పండి. కిందికి నొక్కకండి. నొక్కితే తీగ ఒక మర దాటి దూకుతుంది, ఇక ప్లగ్ ఎక్కదు. వాషర్ కూర్చునే ముఖానికి పావు నుంచి అర చుట్టు లోపలికి దిగాక ఆపండి. ముఖం కంటే పైన నిలిస్తే వాషర్ దాని మీదే కూర్చుని కంప్రెషన్ లీకవుతుంది.

ఇన్సర్ట్ పొడవు కూడా చూసుకోవాలి. 9.5, 12.7, 19 మి.మీ. రీచ్‌లకు వేర్వేరుగా దొరుకుతాయి. 9.5 రంధ్రంలో 12.7ది పెడితే అడుగు చుట్లు గదిలోకి వేలాడతాయి.

చివర్లో అడుగున అడ్డంగా ఉండే చిన్న ముక్కను, అంటే టాంగ్‌ను, నోస్ ప్లయర్‌తో పట్టుకుని కిందికీ పైకీ వంచి తుంచాలి. పట్టు వదిలేస్తే అది సిలిండర్‌లో పడుతుంది. హెడ్ విప్పకుండా చేసే హెలికాయిల్ పనిలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఈ ముక్కే. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య పడితే ఒక్క కిక్‌తో గోడ మీద గీత పడుతుంది.

హెలికాయిల్ బలం విషయంలో అనుమానం అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ మర అసలు అల్యూమినియం మర కంటే గట్టిది. దాని బలహీనత వేరేచోట ఉంది. దాన్ని పట్టి ఉంచేది తీగ బిగువే, పైన అంచు లేదు, అడుగున తాళం లేదు. అడుగు మరల్లో కార్బన్ పేరుకుంటే, ప్లగ్ విప్పినప్పుడు తీగ కూడా దానితోపాటు చుట్టుకుని బయటికొస్తుంది. సీజన్‌కు ఒకసారి ప్లగ్ విప్పే పంపుసెట్‌కు ఇది ఇబ్బంది కాదు. వారానికోసారి ప్లగ్ తీసి తుడిచే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కు ఇబ్బందే.

అంచున్న ఉక్కు బుష్

టైమ్‌సర్ట్ లాంటివి గట్టి ఉక్కు గొట్టాలు. లోపలా బయటా మర, పైన చిన్న అంచు. ఆ అంచు కూర్చోవడానికి హెడ్‌లో కిట్‌లోనే ఉండే కట్టర్‌తో మెట్టు కోస్తారు. బుష్ దిగాక ప్రత్యేకమైన పరికరాన్ని నూనెతో లోపలికి తిప్పితే, అడుగున ఉన్న చివరి మరలు బయటికి ఉబ్బి అల్యూమినియంలో బిగుసుకుంటాయి. అంచు వల్ల కిందికి జారదు, అడుగున ఉబ్బడం వల్ల పైకి రాదు. ప్లగ్‌తోపాటు ఊడి వచ్చే సమస్య లేదు. తరచూ ప్లగ్ విప్పే ఇంజన్‌కు, ముఖ్యంగా ఖరీదైన హెడ్‌కు, మొదటి మరమ్మతు ఇదే అయితే మంచిది. రెండోసారి మర పోయినా పెద్ద కొలతలో బిగ్‌సర్ట్ అనే బుష్ ఉంది కాబట్టి ఇంకో అవకాశం మిగులుతుంది.

అడ్డంకి ఖరీదు. ఒక్క కొలతకు ఒక్క కిట్ కొనాలి. చైనా బ్రష్ కట్టర్ సిలిండర్ కిట్ కంటే టైమ్‌సర్ట్ కిట్ ఖరీదే ఎక్కువ. ఒక ఇంజన్ కోసం ఒక మనిషి కొనడంలో అర్థం లేదు. నలుగురి ఇంజన్లు చేసే మెకానిక్ కొంటే నెలల్లో గిట్టుతుంది.

లేత్ మీద చేయించే బుష్

మన దగ్గర ఎక్కువగా జరిగే మరమ్మతు ఇది. చక్కగా చేస్తే కంపెనీ ఇన్సర్ట్‌కు ఏమాత్రం తీసిపోదు, తప్పుగా చేస్తే హెడ్ శాశ్వతంగా పోతుంది. లేత్ షాపుకు హెడ్ ఇచ్చి బుష్ వేయమని చెప్పి వచ్చేయకండి. కొలతలు మీరే చెప్పండి.

14 మి.మీ. ప్లగ్‌కు బయటి మర ఎం18×1.5 పెడితే, లోపలి మరకూ బయటి మర అడుగుకూ మధ్య గోడ దాదాపు 1.1 మి.మీ. మిగులుతుంది. ఎం20×1.5 పెడితే 2.1 మి.మీ. బుష్‌కు మందపు గోడ మంచిదే, కానీ హెడ్‌లో అంత లోహం పోతుంది. హెడ్ తిప్పి మంటగది వైపు నుంచి చూడండి. కొత్త రంధ్రం అంచుకూ ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకూ మధ్య కనీసం 3 మి.మీ. మిగలకపోతే 20 జోలికి పోవద్దు. ఆ సన్నని గోడే మొదట పగులుతుంది. 10 మి.మీ. ప్లగ్‌కు ఎం14×1.25 బుష్ సరిపోతుంది, గోడ 1.2 మి.మీ. వస్తుంది. హెడ్‌లో డ్రిల్ కొలతలు: ఎం18×1.5కు 16.5 మి.మీ., ఎం20×1.5కు 18.5, ఎం14×1.25కు 12.8.

లోహం ఎంపికలో వేడికి వ్యాకోచం చూడాలి. డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు పెరిగితే, ఇత్తడి 19, ఫాస్ఫర్ బ్రాంజ్ 18, మామూలు ఉక్కు 12 పెరుగుతాయి. ఇంజన్ కాగినప్పుడు ఉక్కు బుష్ చుట్టూ అల్యూమినియం కొద్దిగా వదులవుతుంది. అందుకే ఉక్కు బుష్‌కు తాళం తప్పనిసరి. ఇత్తడి వ్యాకోచం దగ్గరగా ఉంటుంది, వేడిని బాగా తీసుకెళ్తుంది, కానీ కాగితే మెత్తబడి మర త్వరగా అరుగుతుంది. నా లెక్కలో ఫాస్ఫర్ బ్రాంజ్ మొదటిది, అది దొరక్కపోతే ఈఎన్8 ఉక్కు. అల్యూమినియం రాడ్‌తో బుష్ చేస్తామంటే ఒప్పుకోకండి. పాత సమస్యే మళ్లీ మొదలవుతుంది.

బుష్‌లో లోపలి మర, బయటి మర, అంచు మూడూ రాడ్‌ను ఒకసారి చక్‌లో పట్టినప్పుడే కోయాలి. తీసి మళ్లీ పడితే రెండు మరల కేంద్రాలు తప్పుతాయి. అప్పుడు ప్లగ్ ఒంటివైపు వాలి కూర్చుంటుంది, వాషర్ సగమే నొక్కుకుంటుంది. డ్రిల్లింగ్ మెషీన్ మీద హెడ్‌ను పట్టేటప్పుడు గ్యాస్కెట్ ముఖాన్ని కాదు, ప్లగ్ వాషర్ కూర్చునే ముఖాన్ని సమతలంగా పెట్టాలి. జీఎక్స్160లో ప్లగ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కింద వాలు దిమ్మె పెట్టక తప్పదు.

ఎక్కువమంది పట్టించుకోని విషయం అంచు మందం. 1.5 మి.మీ. అంచును హెడ్ ముఖం మీద అలాగే కూర్చోబెడితే ప్లగ్ అంతే పైకి లేస్తుంది. స్పార్క్ వెనక్కి పోవడంతోపాటు, గదివైపు చివర ఖాళీగా మిగిలిన ఒకటి రెండు మరల్లో కార్బన్ గట్టిపడుతుంది. తర్వాత సరైన పొడవు ప్లగ్ పెట్టినప్పుడు ఆ కార్బన్‌లో ఇరుక్కుని మళ్లీ మర చీలుతుంది. అంచు మందమంత మెట్టు హెడ్‌లో కోసి, పైముఖం అసలు ఎత్తులోనే ఉండేలా చేయించండి. అడుగున కూడా బుష్ గది గోడతో సమంగా ఆగాలి. పొడుచుకొస్తే కాలి ఎర్రబడుతుంది.

బిగించేటప్పుడు బయటి మరకు లాక్‌టైట్ 620 లాంటి అధిక వేడి తట్టుకునే రిటైనింగ్ కాంపౌండ్ పూయండి. దానికి 230 డిగ్రీల దాకా ఓర్పుంది. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. గదివైపు నుంచి బుష్ అంచుకూ హెడ్‌కూ కలిసే గీత మీద మూడు చోట్ల సెంటర్ పంచ్‌తో గట్టిగా గుర్తు పెడితే, బుష్ తిరగకుండా ఆగుతుంది. హెడ్ విప్పకుండా లేత్ బుష్ వేస్తామనేవాళ్లు ఈ పని చేయలేరు. ఆ ఒక్క కారణం చాలు హెడ్ విప్పించడానికి.

ఆర్గాన్ వెల్డింగ్

రంధ్రాన్ని నింపేసి, కొత్తగా డ్రిల్ చేసి, ట్యాప్ కొట్టడం. ఇన్సర్ట్ ఏమీ ఉండదు, అసలు కొలతే తిరిగొస్తుంది. బుష్ కూడా పోయి 20 మి.మీ. దాటిన రంధ్రానికి, లేదా ప్లగ్ నుంచి వాల్వ్ సీటు దాకా చీలిక వచ్చిన హెడ్‌కు మిగిలే దారి ఇదే. కానీ మొదటి మరమ్మతుగా దీన్ని నేను ఎవరికీ చెప్పను. వెల్డింగ్ వేడికి హెడ్ వంకరపోతుంది, వాల్వ్ సీట్లు వదులవుతాయి, చుట్టూ లోహం మెత్తబడుతుంది. ఆ తర్వాత ఫేస్ కొట్టించడం (హెడ్ ముఖం చదును చేయించడం), వాల్వులు రుబ్బించడం అదనం. ఏళ్ల తరబడి నూనె పీల్చిన పోతలోహంలో వెల్డింగ్ బుడగలు వస్తాయి, ఆ బుడగ మీద మర పడితే మళ్లీ మొదటికే. ఫోర్ స్ట్రోక్ చిన్న హెడ్‌లో పెట్టే ఖర్చు కొత్త హెడ్ ధరకు దగ్గరపడుతుంటే వెల్డింగ్ మానేయండి.

ఏ ఇంజన్‌కు ఏది

43, 52 సీసీ చైనా తరహా బ్రష్ కట్టర్ల విషయంలో నా మాట సూటిగా ఉంటుంది: సిలిండర్ కిట్ మార్చండి. వీటిలో హెడ్, సిలిండర్ ఒకే పోత. మర కోసిన రజను ఎటు పడినా గోడ మీదికే. లోపలి పూత మీద ఒక్క గీత పడినా కంప్రెషన్ పోతుంది. ఎలాగూ సిలిండర్ విప్పాలి, విప్పాక కొత్తది వేయడం తేలిక. 52 సీసీ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) సాధారణంగా 44 మి.మీ., 43 సీసీది 40. పాతది కొలిచి, ప్లగ్ రంధ్రం, ఇంటేక్ రంధ్రాల స్థానం పోల్చి తీసుకోండి. కింద గ్యాస్కెట్ కొత్తది వేయాలి. కంపెనీ చెయిన్ సా, మంచి బ్రష్ కట్టర్ అయితే లెక్క మారుతుంది. ఆ సిలిండర్ ఖరీదు, అందుకే విప్పి టేబుల్ మీద పెట్టి అంచున్న బుష్ వేయించడం మేలు.

జీఎక్స్160, దాని కాపీ ఇంజన్లలో హెడ్ నాలుగు బోల్టులతో ఊడొస్తుంది. ఇక్కడ హెడ్ విప్పి హెలికాయిల్ వేయడం తొలి ఎంపిక. ఈ ఇంజన్ల ప్లగ్ తరచూ విప్పాల్సిన పని ఉండదు, 19 మి.మీ. లోతు కాబట్టి తీగకు చాలా పట్టు దొరుకుతుంది, పైగా తర్వాత ఎప్పుడైనా లేత్ బుష్‌కు చోటు మిగులుతుంది. తిరిగి బిగించేటప్పుడు హెడ్ గ్యాస్కెట్ కొత్తది, బోల్టులు అడ్డదిడ్డంగా రెండు మూడు విడతల్లో 24 న్యూటన్ మీటర్లకు. ఆ తర్వాత వాల్వ్ క్లియరెన్స్ మీ మోడల్ మాన్యువల్ ప్రకారం సరిచూడండి. పాత జీఎక్స్160లో ఇది ఇంటేక్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మి.మీ.

యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లది ఇంకా సులువు. హెడ్ నాలుగు నట్లతో చేతికొస్తుంది, వాల్వులు లేవు, లోహం పుష్కలం. లేత్ బుష్‌కు ఇంతకంటే అనువైన హెడ్ లేదు. జీఎక్స్35 లాంటి 10 మి.మీ. ప్లగ్ ఇంజన్లలో మాత్రం చుట్టూ చోటు చాలా తక్కువ. ఎం10×1.0 హెలికాయిల్‌కు బయటి మర 11.3 మి.మీ. దగ్గర ఆగుతుంది కాబట్టి అదే తగినది. అక్కడ ఎం14 బుష్‌కు తొందరపడకండి.

హెడ్ విప్పలేని పరిస్థితి ఉంటే, హెలికాయిల్ ఒక్కటే కాస్త నమ్మదగ్గది. పిస్టన్‌ను ట్యాప్ తగలనంత కిందికి దింపి, టూ స్ట్రోక్ అయితే ఎగ్జాస్ట్ పోర్టు మూసి ఉండే స్థానంలో నిలపండి. పని అయ్యాక ప్లగ్ రంధ్రం నేలవైపు ఉండేలా ఇంజన్‌ను తిప్పి, సన్నని గొట్టంతో గాలి కొట్టి రజను రాలగొట్టండి. ప్లగ్ పెట్టకుండానే నాలుగైదు సార్లు తాడు లాగి, మళ్లీ గాలి కొట్టండి.

బిగించడంలో

కొత్త మరలో మొదటి ప్లగ్ కొత్తదే పెట్టండి, వాషర్ నొక్కుకోనిది. చేత్తో చివరిదాకా దింపి, ఆపైనే స్పానర్ తగిలించాలి. అల్యూమినియం హెడ్‌లకు ఎన్‌జీకే చెప్పే బిగువు 14 మి.మీ. మరకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12కు 15 నుంచి 20, 10కి 10 నుంచి 12. ఇంజన్ మాన్యువల్‌లో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే కొత్త ప్లగ్‌ను వాషర్ తాకాక అర చుట్టు, పాత ప్లగ్‌ను ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు. బాక్స్ స్పానర్‌కు పొడవైన టామీ రాడ్ వేస్తే 10 మి.మీ. మర వేలి బలానికే తెగుతుంది. రాడ్‌ను మధ్యలో పట్టుకుని రెండు వైపులా సమంగా తిప్పండి.

మర బిగుసుకుపోకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు పూయాలా అని చాలామంది అడుగుతారు. ఎన్‌జీకే ప్లగ్ మర మీద ముందే పూత ఉంటుంది, వద్దనే కంపెనీ చెబుతుంది. పేస్టు పూస్తే మర జారుడుగా మారి, అదే బిగువు దగ్గర ప్లగ్ మామూలు కంటే ఎక్కువ లాగుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కి చల్లారాక ప్లగ్ చుట్టూ సబ్బు నీళ్లు పూసి నెమ్మదిగా తాడు లాగండి. బుడగలు వాషర్ కింది నుంచి వస్తే ప్లగ్ సరిగా కూర్చోలేదు. బుష్ బయటి అంచు నుంచి వస్తే బుష్ బయటి మర దగ్గరే లీకవుతోంది, దాన్ని తీసి మళ్లీ వేయించాలి. మొదటి పది గంటల పని తర్వాత ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్ విప్పి చూడండి. వేడి మీద విప్పడం వల్లే చాలా మరలు పోతాయి. ప్లగ్‌తోపాటు ఇన్సర్ట్ తిరిగిన గుర్తులు లేకపోతే, వాషర్ మీద నల్లటి చారలు లేకపోతే మళ్లీ బిగించి పొలానికి పంపవచ్చు.